ఉచితం అని రాయొద్దన్నాను

ఫ్లెక్సీ నమూనా కాలనీ వాట్సాప్ గ్రూపులో పడింది. పైన చెట్టు, కింద రెండు అరచేతుల మధ్య భూగోళం, నడుమ ఎర్రటి అక్షరాలతో ‘ఉచిత రిపేరు మేళా’. తయారుచేసింది మా వెనక వీధి అబ్బాయి. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నెలలో సగం రోజులు కర్నూలులో అమ్మానాన్నల దగ్గరే ఉండి పనిచేస్తాడు. పదో తరగతిలో నా దగ్గరే ఫిజికల్ సైన్సు చదువుకున్నాడు కాబట్టి ఫోను చేసి మందలించే చనువు నాకుంది. చెత్త తగ్గించే కార్యక్రమానికి పది అడుగుల ఫ్లెక్సీ ఎందుకు నాయనా అన్నాను. నవ్వి, వద్దులే టీచర్, బోర్డు మీద సుద్దముక్కతో రాద్దాం అన్నాడు. ఆ ‘ఉచిత’ అనే మాట కూడా తీసెయ్ అన్నాను. దానికి మాత్రం ఒప్పుకోలేదు. వాదన ఫోనులో తెగక మా డాబా మీదికి వచ్చింది. మావారు మధ్యలో మజ్జిగ తెచ్చిపెట్టి, ఎటూ మాట్లాడకుండా వెళ్లిపోయారు.

ఈ మేళాకు నమూనాగా అబ్బాయి చూసొచ్చింది బెంగళూరు రిపేర్ కెఫేని. 2015లో అంతరా ముఖర్జీ, పూర్ణా సర్కార్ అనే ఇద్దరు మహిళలు దాన్ని మొదలుపెట్టారు. అసలు పద్ధతి నెదర్లాండ్స్‌లో పుట్టింది. మార్టీన్ పోస్ట్‌మా అనే పాత్రికేయురాలు 2009 అక్టోబరు 18న ఆమ్‌స్టర్‌డామ్‌లో తొలి రిపేర్ కెఫే తెరిచారు. ఒక హాలు, నాలుగు బల్లలు, పనిముట్లు, పని తెలిసిన స్వచ్ఛంద సేవకులు, తాగడానికి కాఫీ. చెడిపోయిన వస్తువు పట్టుకెళ్తే మీ పక్కన కూర్చుని బాగుచేసి పెడతారు, డబ్బు అడగరు. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద అలాంటివి వేలల్లో ఉన్నాయి. చాలా మంచి పని. నాకు అందులో ఏ అభ్యంతరమూ లేదు, ఆమ్‌స్టర్‌డామ్ వరకు.

అక్కడ మెకానిక్ ఒక గంట కూలి కొత్త టోస్టరు ధరను దాటిపోతుంది. అందుకే బాగుచేసే దుకాణాలు చాలావరకు మూతపడ్డాయి, ఆ ఖాళీలోకి సేవకులు వచ్చారు. కర్నూలులో ఆ ఖాళీ ఎక్కడుంది? కొండారెడ్డి బురుజు దగ్గర బండి ఆపి పాతబస్తీ సందుల్లోకి నడవండి. మిక్సీకి ఒకరు, కుట్టు మిషనుకు ఒకరు, గడియారానికి ఒకరు, గ్యాసు పొయ్యికి, కుక్కరుకు, గొడుగుకు, చిరిగిన చీరకు రఫ్ఫు చేయడానికి, సూట్‌కేసు జిప్పుకు. ప్రతి రోగానికీ వైద్యుడు ఉన్నాడు. మనమే వెళ్లడం లేదు. ఎండ అంటాం, బండి పెట్టడానికి చోటు లేదంటాం, ఆ సందు ఎక్కడో గుర్తు లేదంటాం, ఫోను తీసి కొత్తది ఆర్డరు పెడతాం. పనిమంతులున్న ఊళ్లో పింఛను వచ్చే మాలాంటి వాళ్లం ఆదివారం పూట ఉచితంగా చేసి పెడితే, ఆ పనిమంతుల పొట్ట మీద సేవ పేరుతో కొట్టినట్టే. మిక్సీ బాగుచేసే మనిషికి పింఛను లేదు, ఆదివారం సెలవు కూడా లేదు.

డబ్బు తీసుకుంటే అది దుకాణమే కదా టీచర్, మన కాలనీ చేసేదేముంది అన్నాడు అబ్బాయి. దుకాణాన్ని కాలనీకి తీసుకురావడమే మనం చేసేది అన్నాను.

చివరికి కుదిరిన ఒప్పందం ఇది. నెలకో ఆదివారం ఉదయం మా పార్కు షెడ్డులో బల్లలు వేస్తాం. పాతబస్తీ నుంచి పనివాళ్లను పిలుస్తాం. రానుపోను ఆటో ఖర్చు కాలనీ నిధి నుంచి. పనికి ఎంత తీసుకోవాలో వాళ్లే చెబుతారు, ఆ రేట్లు సుద్దముక్కతో బోర్డు మీద రాస్తాం, విడిభాగం ధర వేరే. ఆ పూటకు మాట్లాడుకున్న మొత్తం కంటే రాబడి తక్కువ పడితే మిగతాది కాలనీ భరిస్తుంది, ఎక్కువ వస్తే అది వాళ్లదే. లెక్కలు మావారివి. బ్యాంకులో రిటైరైన మనిషి కాబట్టి రూపాయి తేడా వస్తే ఆయనకు అన్నం సహించదు. ఒకాయన కారు దిగొచ్చి ఫ్యానుకు అరవై రూపాయల కండెన్సరు వేయించుకుని, నలభైకి రాదా అని అడిగాడు. మావారు ఏమీ మాట్లాడకుండా కండెన్సరు కొన్న బిల్లు తిప్పి ఆయన ముందు పెట్టారు.

ఇంకో నియమం కూడా ఉంది, అది మాత్రం ఆమ్‌స్టర్‌డామ్ నుంచే తెచ్చుకున్నాం. వస్తువు ఇచ్చేసి వెళ్లిపోకూడదు, పక్కనే కూర్చోవాలి. కూర్చోవడానికి బేతంచెర్ల నాపరాళ్లు ఉన్నాయి. పక్క వీధిలో పాత ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కడుతుంటే, ఆ బండలు ట్రాక్టరెక్కి హంద్రీ నది గట్టుకు పోకముందే అడిగి తెచ్చుకున్నాం. ఇటుకల మీద పరిస్తే బెంచీలయ్యాయి. ఒక తరం నడిచి నున్నగా చేసిన రాయి, మే నెలలో కూడా నీడలో చల్లగా ఉంటుంది.

పాతబస్తీ నుంచి వచ్చే మిక్సీ భాయ్ బల్ల దగ్గరే ఎప్పుడూ గుంపు. ఆయన రాగానే ముందు పెట్టేది ఒక చెక్కముక్క. దాని మీద హోల్డరు, హోల్డరులో నూరు వాట్ల పాతకాలపు గుండు బల్బు, పక్కన సాకెట్టు. ఆ బల్బులు ఇప్పుడు దొరకడం కష్టమని దాన్ని తువ్వాలులో చుట్టి మరీ తెస్తాడు. ఏ వస్తువునూ నేరుగా కరెంటుకు కలపడు, ముందు ఈ బల్బుతో సిరీస్‌లో కలుపుతాడు, అంటే కరెంటు బల్బు గుండానే వస్తువులోకి పోయేలా. లోపల షార్టు ఉంటే ఫ్యూజు ఎగరదు, బల్బు నిండుగా వెలిగి ఊరుకుంటుంది. ఫ్యానుకు పెడితే బల్బు మసకగా వెలగాలి. అసలు వెలగలేదంటే ఎక్కడో తీగ తెగింది. వస్తువు పైరేకుకు ఒక తీగ తాకించినప్పుడు వెలిగితే కరెంటు ఒంటికి వస్తోందని అర్థం, ఇక దాన్ని విప్పకుండా ఇంటికి పంపడు. సిరీస్ సర్క్యూటును ఇంత బాగా చెప్పిన పాఠ్యపుస్తకం నేను చూడలేదు. బల్లకు ఆ పక్క కూర్చున్న పిల్లలకు నేను వివరించబోతే భాయ్ చేత్తో ఆపాడు, బల్బు చూడనివ్వండి మేడమ్ అని.

ఒకావిడ మోటారు కాలిపోయిందని మిక్సీ తెచ్చింది. గారెలకు పప్పు రుబ్బుతుంటే ఉన్నట్టుండి ఆగిపోయిందట, కొడుకు అప్పటికే కొత్తది చూసి పెట్టాడట. భాయ్ దాన్ని తలకిందులు చేసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కాలిన మోటారుకు ఒక వాసన ఉంటుంది, వార్నిషు మాడిన వాసన, ఒకసారి పీలిస్తే మరిచిపోం. అది లేదు. అడుగున ఉన్న చిన్న ఎర్రటి బొత్తాన్ని బొటనవేలితో నొక్కి, తిప్పి, ఆన్ చేశాడు. మిక్సీ గిర్రున తిరిగింది. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు, ఆవిడ నవ్వలేదు. పప్పు గట్టిగా ఉండి భారం ఎక్కువైతే మోటారు కాలకుండా ఆ బొత్తాం బయటికి తన్నుకొచ్చి కరెంటును ఆపేస్తుంది. చల్లారాక లోపలికి నొక్కితే చాలు. కాగితం మీద రాసే ఇస్తారు, ఎవరు చదువుతారు?

బొత్తాం నొక్కినందుకు డబ్బు ఎలా తీసుకుంటానని భాయ్, చూసినందుకు కూలి బోర్డు మీద రాసి ఉందని మావారు. కాసేపు సాగింది. ఆవిడే డబ్బు బల్ల మీద పెట్టి, తీసుకో భాయ్, కొత్త మిక్సీ డబ్బులు మిగిల్చావు అంది. నా ఉద్దేశంలో ఆ పూట జరిగిన అన్ని పనుల్లోకీ ఖరీదైన పని అదే. ఎక్కడ చేయి పెట్టాలో తెలియడానికి ఆయనకు పట్టిన కాలానికి అది కూలి.

జార్ల సంగతి వేరు. బ్లేడు ఇరుసు తిరిగే చోట ఇత్తడి బుష్ ఉంటుంది. అది అరిగితే బ్లేడు ఊగుతుంది, జారు ఊళ వేస్తుంది, అడుగు నుంచి నల్లటి జిడ్డు నీళ్లు కారతాయి. ఆ నీళ్లే చట్నీలోకీ వెళ్తాయని ఎవరూ అనుకోరు. భాయ్ పాత బుష్‌ను సుత్తితో రెండు దెబ్బలు వేసి దించి, కొత్తది అమర్చి, వాషరు వేసి, జారులో నీళ్లు పోసి పాత దినపత్రిక మీద నిలబెడతాడు. కాగితం తడవకపోతేనే డబ్బు అడుగుతాడు. జారు కింద పళ్లున్న కప్లర్ ఉంటుంది, మోటారును, జారును కలిపేది అదే. ముప్ఫై రూపాయల ముక్క. అరగడానికీ విరగడానికీ పెట్టిన ముక్క అది. ఏదైనా బిగుసుకుంటే ముందు అది విరిగి మోటారును కాపాడుతుంది. కప్లర్ విరిగిందని మిక్సీని అటక ఎక్కించిన ఇళ్లు మా కాలనీలో చాలానే బయటపడ్డాయి.

ఎల్‌ఈడీ బల్బుల బల్ల మాత్రం పాలిటెక్నిక్ చదివే అమ్మాయిది. తొమ్మిది వాట్ల బల్బు ఆరిపోతే పారేయడమే అని అందరం అనుకున్నాం. ఆ అమ్మాయి పైన ఉన్న ప్లాస్టిక్ గుండును చాకు మొనతో ఊడదీసి చూపించింది. లోపల గుండ్రటి పలక మీద పసుపు చుక్కల్లాంటి చిప్స్, వాటిలో ఒకదాని మధ్యలో ఆవగింజంత నల్ల మచ్చ. అన్నీ సిరీస్‌లో ఉంటాయి, ఒకటి పోతే అన్నీ ఆరిపోతాయి. ఆ ఒక్కదాన్ని తీసి వేరే చచ్చిన బల్బు నుంచి మంచి చిప్ తెచ్చి అతికించింది. బల్బు వెలిగింది. ఇంత చిన్న వస్తువు ఎవరు బాగుచేస్తారని భాయ్ ఇన్నాళ్లూ వీటిని ముట్టుకోలేదు. ఇప్పుడు ఆ అమ్మాయి దగ్గర నేర్చుకున్నాడు. బదులుగా ఆ అమ్మాయికి టంకం సన్నగా పారేలా పట్టడం నేర్పాడు. కరెంటు తీసేశాక కూడా కెపాసిటరు షాకు కొడుతుంది కాబట్టి చిన్నపిల్లలను ఆ బల్ల దగ్గరికి రానివ్వం.

భాయ్‌కి ఈ పని వరదలో వచ్చింది. 2009 అక్టోబరు 2, గాంధీ జయంతి. తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగాయి. దిగువన శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు, ఆ రోజుల్లో నీరు 896 అడుగులు దాటింది. వచ్చే నీటికి పోవడానికి దారి లేక వెనక్కి తన్ని కర్నూలును ముంచింది. నీళ్లు తీశాక ఏ వీధి చూసినా ఇళ్లలోని సామానంతా రోడ్డు మీదే ఉంది, అంతా ఒకే రంగులో, బురద రంగులో. మేనమామ దుకాణంలో సహాయానికి వెళ్లిన భాయ్ అప్పుడు మీసాలు రాని కుర్రాడు. ఫ్యాన్లు, మిక్సీలు, గ్రైండర్లు గుట్టలుగా వచ్చి పడ్డాయట. విప్పడం, మంచినీళ్లతో కడగడం, ఎండలో పెట్టడం, వైండింగు ఆరిందో లేదో బల్బుతో చూడటం. పొద్దున్నుంచి రాత్రి దాకా అదే పని. ఆమ్‌స్టర్‌డామ్‌లో తొలి రిపేర్ కెఫే తెరిచిన నాటికి ఇక్కడ మేమింకా బురద ఎత్తిపోస్తున్నాం. ఆ నెల కర్నూలు ఊరంతా ఒకటే రిపేరు దుకాణం.

ఏది బతికింది, ఏది పోయింది అన్నది నేను అప్పుడు దగ్గరగా చూశాను. మా అత్తగారి కుట్టు మిషను కిరోసిన్‌తో కడిగి నూనె వేస్తే లేచింది, ఇప్పటికీ నడుస్తోంది. టేకు మంచం కడిగి ఆరబెడితే కొంచెం వంకరపోయి నిలబడింది. ఇత్తడి, స్టీలు, ఇనుము అన్నీ మిగిలాయి. బూరుగు దూది పరుపులు విప్పి, దూది ఆరబోసి, మళ్లీ ఏకించి నింపించారు కొందరు. చెక్కపొట్టు అట్టలతో చేసిన అలమరాలు మాత్రం ఉబ్బి చేత్తో విరిస్తే విరిగాయి, నురుగు పరుపులు నీళ్లు పీల్చుకుని నలుగురు పట్టినా లేవలేదు. ఫ్రిజ్‌లు చాలావరకు బతికాయి, వాటి కంప్రెసరు గాలి కూడా చొరబడకుండా సీలు వేసి ఉంటుంది కాబట్టి. సీలు వేయడం అన్నిచోట్లా పాపం కాదని ఇక్కడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ముందు ముందు దాన్ని తిట్టబోతున్నాను.

దానికి ముందు సంచుల గొడవ. టైలరు అక్క బల్ల మీద జిప్పులు, చీర ఫాల్స్, ప్యాంటు కింది అంచులు ఎప్పుడూ ఉండేవే. వాటితో పాటు బియ్యం బస్తాలతో చేతి సంచులు కుడుతుంది. కర్నూలు సోనా మసూరి తినే ఊరు కాబట్టి బస్తాలకు కొదవ లేదు. అవన్నీ 26 కిలోల బస్తాలే ఎందుకో గమనించారా? 2022 జులై 18 నుంచి 25 కిలోల దాకా ఉన్న ప్యాకింగు బియ్యం మీద 5 శాతం జీఎస్టీ వేశారు, మిల్లుల వాళ్లు ఒక కిలో పెంచి ఊరుకున్నారు. అదనంగా వచ్చిన ఆ కిలో జాగా మాకు సంచి పిడులకు సరిపోతోంది. గట్టి గుడ్డ, కాయగూరల బరువుకు చిరగదు, తడిసినా పాడవదు.

చిక్కంతా వాటి మీది బొమ్మలతో. సగం మిల్లులు బస్తా మీద దేవుళ్ల బొమ్మలే వేస్తాయి. లక్ష్మీదేవి బస్తాను కత్తిరించడానికి టైలరు అక్క కత్తెర ఎత్తగానే మూడో నంబరు ఇంటి పెద్దమ్మ కేక వేసింది. అమ్మవారి ముఖం మీద కత్తెరా? సరే, తిరగేసి కుట్టి బొమ్మ లోపలికి పెడదామన్నారు. అప్పుడు అమ్మవారు ఉల్లిగడ్డల కింద పడి ఉండాలా అని మళ్లీ పెద్దమ్మ. ఆవిడ మాటను తీసేయడానికి లేదు. పండగనాడు ఆ బొమ్మకే పసుపు కుంకుమ పెట్టే ఇళ్లున్నాయి. అందుకని బొమ్మ చుట్టూ జాగా వదిలి ఆ ముక్కను వేరుగా కత్తిరించి పక్కన పెట్టడం మొదలుపెట్టాం. ఆ ముక్కలన్నీ ఇప్పుడు మా బీరువా మీద దొంతరగా ఉన్నాయి. వాటితో ఏం చేయాలో ఎవరికీ తోచదు, పారేయడానికి ఎవరికీ చేతులు రావు. కాలనీ ఆడవాళ్లకు నేను ఇచ్చే సలహా ఒకటే: నెమలి బొమ్మో గులాబీ బొమ్మో ఉన్న బియ్యం కొనండి.

బొంతల సంగతి కూడా ఇలాంటిదే, కాకపోతే అక్కడ అడ్డు దేవుడు కాదు, పాలిస్టరు. మా అమ్మ కుట్టిన బొంత పాత నేత చీరలది. నాలుగైదు పొరలు పరిచి, అంచు నుంచి లోపలికి చుట్టుగా కుట్టుకుంటూ వచ్చేది. ఉతికే కొద్దీ మెత్తబడేది. ఇప్పుడు అటక మీద నుంచి దిగే చీరల్లో నూలువి చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పాలిస్టరు చీర పొరలు సూది కింద జారిపోతాయి, కుట్టినా కర్నూలు ఉక్కలో దాని మీద పడుకున్నవాళ్లు తిట్టుకుంటూ లేస్తారు. టైలరు అక్క వాటితో కూలర్లకు, మోటారు సైకిళ్లకు కవర్లు కుట్టడం మొదలుపెట్టింది. నూలు చీర దొరికిన రోజున మాత్రం బొంత కుట్టడానికి నలుగురు పెద్దవాళ్లు సూదులు పట్టుకుని వచ్చేస్తారు. ఎమ్మిగనూరు దుప్పటి నడుమ పలచబడితే దాన్ని పొరల మధ్య పెడతారు.

ఇక తిట్లు. మా బల్ల నుంచి బాగుకాకుండా తిరిగి వెళ్లే వస్తువులు ఎప్పుడూ ఒకే రకానివి. దోమల బ్యాటు, చెవిలో పెట్టుకునే ఇయర్‌బడ్స్, గడ్డం ట్రిమ్మరు, ఛార్జింగు లైటు. స్క్రూ ఉండదు, రెండు ప్లాస్టిక్ డిప్పలను కలిపి అతికించేస్తారు. తెరవాలంటే పగలగొట్టాలి. తెరిచాక లోపల పోయేది చాలాసార్లు బ్యాటరీ ఒక్కటే.

కూలర్లు చూడండి. మన దగ్గర రేకుతో చేసి అమ్మే పాతరకం కూలరులో ఫ్యాను వేరు, పంపు వేరు, గడ్డి తడికెలు వేరు, స్విచ్చు వేరు. ఉప్పు నీళ్లకు పంపు పట్టేస్తే నిమ్మ ఉప్పు నీళ్లలో నానబెట్టి కడుక్కోవచ్చు, పోతే కొత్త పంపు పది నిమిషాల పని. ఎండాకాలంలో ఏ వీధి చివర అడిగినా బాగుచేసే మనిషి దొరుకుతాడు. మేము పోయిన వేసవికి ముందు కొన్న కూలరు పేరున్న కంపెనీది, వేలితో తాకితే పలికే బొత్తాలు, రిమోటు. అందులో కరెంటును కలిపి తెంచే చిన్న రిలే పోయింది. రిలే ఇవ్వం, మొత్తం బోర్డు మార్చాలి అన్నారు కంపెనీ తరఫున వచ్చినవాళ్లు. బోర్డు ధర విని మావారు లేచి నిలబడ్డారు. భాయ్ హైదరాబాదు వెళ్లినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో అదే రకం రిలే కొనుక్కొచ్చి వేశాడు. చల్లగానే ఉంది.

2022 డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, కేంద్ర ప్రభుత్వం ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ ప్రారంభించింది. కంపెనీలు తమ వస్తువుల మరమ్మతు వివరాలు, విడిభాగాల సమాచారం, వారంటీ సంగతులు అందులో పెట్టాలని ఉద్దేశం. మంచిదే. కానీ నాకు కావలసింది వెబ్‌సైటులో పేజీ కాదు, పాతబస్తీలో భాయ్ దుకాణం గోడకు వేలాడే అట్ట మీద ఆ రిలే. విడిభాగాన్ని బయటి మెకానిక్‌కు అమ్మి తీరాలన్న మాట గట్టిగా వచ్చే దాకా ఈ హక్కు హైదరాబాదు బస్సు టిక్కెట్టు కొనుక్కోగలవాళ్లకే.

బాగుకాని వాటిని ఏం చేస్తున్నారని కొందరు అడుగుతారు. ఐక్యరాజ్యసమితి సంస్థలు వేసిన లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో పోగైన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులు, అందులో పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైంది 22.3 శాతం. మిగతా దాంట్లో కొంత ఎలా పోతుందో చూడాలంటే లెక్కలు అక్కర్లేదు. ఊరి చివర పాత తీగల చుట్టలు కాల్చి రాగి తీసేటప్పుడు లేచే నల్లటి పొగ చాలు. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనలు ఆ బాధ్యతను తయారీదారు మీద పెట్టాయి. మా వరకు మేము చచ్చిన వాటి నుంచి స్క్రూలు, స్విచ్చులు, మోటార్లు, తీగలు తీసి డబ్బాల్లో దాచుకుంటాం, భాయ్‌కి అవి బంగారం. మిగిలిన బోర్డులు, బ్యాటరీలు వేరు చేసి అనుమతి ఉన్న సేకరణదారుకే ఇస్తాం, ఆ బాధ్యత అబ్బాయిది. ఉబ్బిన ఫోను బ్యాటరీని మాత్రం ఎవరూ గుచ్చకండి, నొక్కకండి. అంటుకుంటుంది.

విరాళాలు తీసుకోం. 2023 మే, జూన్ నెలల్లో దేశమంతా పట్టణాల్లో పాత వస్తువులు ఇచ్చే ఆర్ఆర్ఆర్ (రెడ్యూస్, రీయూజ్, రీసైకిల్) కేంద్రాలు పెట్టారు. ఆలోచన బాగుంది. కానీ ఇవ్వడం అంటే మనవాళ్లలో కొందరికి వదిలించుకోవడం. మా షెడ్డు ముందు కూడా మొదట్లో రాత్రికి రాత్రి ఒంటి చెప్పులు, గాజు పగిలిన టీవీ, ఎవరివో బొమ్మల కొలువు మెట్లు వచ్చి పడ్డాయి. మెట్లు ఉంచుకున్నాం, వాటి మీద ఇప్పుడు పనిముట్లు సర్దుతాం. ఆ తరువాత బోర్డు పెట్టాం: మనిషి లేనిదే వస్తువు రాదు.

అబ్బాయితో వాదన పూర్తిగా ముగియలేదు. డబ్బు ఇవ్వలేనివాళ్ల మాటేమిటి టీచర్ అని అడిగాడు. మా ఇళ్లలో పనిచేసే అమ్మాయిల మిక్సీలు, పిల్లల స్కూలు సంచుల జిప్పులు వస్తున్నాయి, వాళ్ల దగ్గర బోర్డు మీది రేటు ఎలా తీసుకుంటాం? న్యాయమైన ప్రశ్న. వాళ్ల కూలిని కాలనీ నిధి కట్టేలా రాసుకున్నాం. భాయ్‌కి మాత్రం పూర్తిగా వెళ్తుంది. డబ్బు ఇవ్వలేమని చెప్పుకోవడానికి ఆ అమ్మాయిలు మావారి ముందు నిలబడనక్కర్లేదు, టైలరు అక్క చేత చెప్పిస్తే చాలు.

ఇప్పుడు మా చేతిలో ఉన్న పని కళాయి, అంటే ఇత్తడి గిన్నెల లోపల తగరం పూత. వీధిలోకి ‘కళాయి పూస్తాం’ అనే కేక వచ్చి ఎన్నేళ్లయిందో. పాతబస్తీలో పెళ్లి వంటల పెద్ద డేగిసాలకు కళాయి పూసే పెద్దాయన ఒకరున్నారని భాయ్ చెబితే వెళ్లి కలిశాను. గిన్నెను తోమి, కొలిమి మీద వేడి చేసి, నవసాగరం చల్లి, తగరం కడ్డీ తాకించి, కరగగానే దూదితో లోపలంతా పులుముతారు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, కానీ సమంగా పరచుకోవాలంటే చేయి ఆగకూడదు. దట్టమైన తెల్ల పొగ లేస్తుంది, అందుకని షెడ్డులో కాదు, పార్కు వెనక ఖాళీ స్థలంలో పెట్టుకోవాలి. కళాయి లేని ఇత్తడిలో చింతపండు పులుసు పెడితే చిలుము దిగుతుంది కాబట్టే మన ఇత్తడి గిన్నెలన్నీ అటకెక్కాయి.

పెద్దాయన వస్తానన్నారు, ఒక షరతు మీద. బొగ్గు రాజేసి, తిత్తి బిగించి, మనవణ్ని తోడు తెచ్చుకుని రెండు గిన్నెల కోసం కూర్చోలేను తల్లీ, పూటంతా కొలిమి ఆరకుండా పని ఉండాలి అన్నారు. తగరం ఆ రోజు ధరకే, అసలు కడ్డీ మన కళ్ల ముందే కరిగిస్తారు, సీసం కలపరు. నాలుగు వీధులు తిరిగి పేర్లు రాసుకుంటున్నాను. ఇప్పటికి కొన్ని గిన్నెలు, ఒక గుండిగ, మూత లేని పాత బిర్యానీ డేగిసా తేలాయి, ఇంకా సగం పూట పని తక్కువ పడుతోంది. నంద్యాల చెక్‌పోస్టు ఈ వైపు ఉండేవాళ్లు ఎవరైనా అటక మీద ఒకసారి చూడండి. గిన్నె ఎంత పెద్దదో జానల్లో కొలిచి చెబితే చాలు, పెద్దాయన ధర కట్టేది జానల్లోనే.